సిపాయిల నుంచి మిగిలిన సీసం

మాది కోరుట్ల. మా ఆయన కళాయి వేసేవాడు. రాగి, ఇత్తడి గిన్నెల లోపల తగరం పూత పెట్టే పని అది. పూత లేని రాగి గిన్నెలో చింతపండు పులుసు కాస్తే చిలుం కక్కుతుంది, తిన్నవాళ్లు వాంతులు చేసుకుంటారు. అందుకే ఏడాదికోసారి కళాయి వేయించుకునేవాళ్లు. ఆయన సైకిల్ మీద తిత్తి, బొగ్గుల సంచి కట్టుకుని మేడిపల్లి, రుద్రంగి దాకా పోయి వచ్చేవాడు. స్టీలు గిన్నెలు వచ్చాక ఆ పని పోయింది. పెళ్లి వంటలు చేసేవాళ్ల పెద్ద దేగ్చాలు తప్ప చేతికి ఏమీ రాలేదు. నేను బీడీలు చుట్టేదాన్ని. ఇంట్లో మేం మాట్లాడేది ఉర్దూ, గడప దాటితే తెలుగు. ఇక్కడ అందరి మాటా తెలుగులోనే చెబుతున్నాను.

జగిత్యాలలో ఒక సార్ ఉన్నాడు. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. ఒకరోజు అట్టపెట్టె పట్టుకుని వచ్చాడు. అందులో దూది, దూదిలో వేలెడంత సీసపు సిపాయిలు. తలలు ఊడినవి కొన్ని, తుపాకులు విరిగినవి కొన్ని. ఇంగ్లీషువాళ్ల కాలంనాటి ఆటబొమ్మలట. ఊరూరా వెతికి, పోస్టులో తెప్పించుకుని పోగుచేస్తాడట. ఆ వయసులో బొమ్మలేమిటని నేను లోపల నవ్వుకున్నాను. మెడలు అతకగలవా అని సార్ అడిగాడు. మా ఆయన ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని కాసేపు ఎగరేసి చూశాడు.

"సార్, గీనికి తల అతికిచ్చుడు ఎందుకు, మనిషినే మళ్ల పుట్టియ్యొచ్చు."

అట్లా మొదలైంది. సార్ తెల్ల రబ్బరు తెప్పించాడు. బాగున్న పాత సిపాయిని ఆ రబ్బరులో ముంచి, గట్టిపడ్డాక నిలువుగా రెండు చేస్తే అచ్చు. సీసంలో కొంత తగరం కలిపి కరిగించి అందులో పోయాలి. వేడి తక్కువైతే లోహం తుపాకి కొస దాకా పోకుండానే గడ్డకడుతుంది, ఎక్కువైతే రబ్బరు మాడుతుంది. మా ఆయనకు కొలతలు లేవు, కరిగిన లోహం పైన తేలే మెరుపు చూసి పోసేవాడు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెడితే సార్ కూడా ఒక్కోసారి తికమకపడేవాడు.

రంగులు మొదట సారే వేసుకునేవాడు. చేతులు వణకడం మొదలయ్యాక నా పక్కకు చూశాడు. నేను బీడీ కొసకు దారం చుడుతున్నాను. ఈ వేళ్లకు నేర్పితే చాలన్నాడు. బడికి రెండేళ్లు పోయినదాన్ని, సంతకం తప్ప రాయడం రాదు. కానీ ఎర్ర కోటు మీద తెల్ల పట్టీ ఎక్కడ దాటాలో, ఏ పటాలానికి కాలర్ పసుపో, దేనికి నీలమో నేర్చుకున్నాను. ముందు ఆకురాయితో అంచులు అరగదీయాలి, బూడిదరంగు అడుగుపూత వేయాలి, ఆరాక కోటు, ఆ తర్వాత బూట్లు, చివరికి గుండీలు. గుండీ అంటే పుల్ల మొనతో పెట్టే చుక్క.

కళ్లు మాత్రం పెట్టేదాన్ని కాదు. ముఖం ఉన్న బొమ్మ ఇంట్లో ఉంటే నమాజుకు మంచిది కాదని మా తోడికోడలు మొదటిరోజే గొడవపెట్టుకుంది. మా ఆయన ఒక ఉపాయం చెప్పాడు. కళ్లు లేనంతవరకు అది సీసం ముక్కే, సార్ వచ్చి పట్టుకుపోయే రోజున వాకిట్లో కూర్చుని కళ్లు పెట్టు అని. అట్లాగే చేశాను. చెడిపోయినవి, కాలు రానివి, తుపాకి రానివి నేను దాచుకున్నాను. గూట్లో ముప్పై దాకా పోగయ్యాయి, అన్నీ గుడ్డివి. వాటికి నాకు నచ్చిన రంగులు వేసుకునేదాన్ని. ఒకడికి మా నిఖా నాటి నా పెళ్లిబట్టల రంగు కూడా వేశాను.

బీడీలు మానేసి బొమ్మల మీద కూర్చున్నందుకు మా ఆయనకు నవ్వు. "నీ బీడీలు తాగినోడు దగ్గుతడు, నా సిపాయిలు దగ్గుతరా?" అనేవాడు.

ఆరేడు ఏళ్లు గడిచాక ఆయనకు కడుపునొప్పి మొదలైంది. మెలిపెట్టినట్టు వచ్చేది, బిగుసుకుపోయి గోడకు తల ఆనించి కూర్చునేవాడు. విరేచనం అయ్యేది కాదు. చిగుళ్ల మీద నల్లగీత పడింది. ఒకరోజు కుడిచేయి మణికట్టు దగ్గర వాలిపోయింది. లేపుదామంటే లేవదు. జగిత్యాల పెద్దాసుపత్రిలో డాక్టరు ఏం పని చేస్తావని అడిగి, చెప్పగానే అర్థం చేసుకున్నాడు. ఒంట్లోకి సీసం పోయింది, ఆ పొగ పీల్చకు, ఆ పని మానెయ్యి అన్నాడు. మాకు చెవికెక్కింది పొగ అన్న మాట ఒక్కటే.

మానేశాడు. కరిగించడం పూర్తిగా ఆపేశాడు, ఒక్కసారి తప్ప. అప్పటికి పోసి పెట్టిన బ్యాండు సెట్టు ఒకటి ఉంది, డోలువాళ్లు, బాకావాళ్లు కలిపి పన్నెండు మంది. రంగు వేయడమే మిగిలింది. దాంతోపాటు సిపాయిల అంచులు, తెగిన కొసలు కలిసిన లోహం ఒక ముద్ద మిగిలింది.

మాకు ఒక్కతే బిడ్డ. సిరిసిల్లలో ఇచ్చాం. అల్లుడు మరమగ్గం నడుపుతాడు. తనకు నెల తప్పిందని ఫోను వచ్చింది. మొదటి కాన్పు పుట్టింట్లో కావాలి కదా. ఆ సంబరంలో మా ఆయన అటకమీది రాగి దేగ్చా దింపించాడు. వాలిపోయిన చేతికి కర్రముక్క కట్టుకుని, ఎడమచేత్తో దాన్ని తోమి, బొగ్గుల మీద పెట్టి, నవసాగరం చల్లి కళాయి వేశాడు. నేను తిత్తి ఊదాను. అద్దంలాగా వచ్చింది. అందులో నా ముఖం చూసుకున్నాను.

వేసింది ఆ ముద్దతోనే. బయటివాళ్ల గిన్నెలకు ఆయన ఎప్పుడూ అచ్చ తగరమే వాడాడు. సీసం కలిపితే మోసం అనేవాడు. గిన్నెలో అది విషం అని ఆయనకు ఎవరూ చెప్పలేదు. మన ఇంటికి మనమే మోసం చేసుకుంటే అడిగేవాడెవడని నవ్వాడు. నిజానికి ఏడాదికోసారి ఇంటి గిన్నెలకు సిపాయిల నుంచి మిగిలిందే వేస్తూ వచ్చాడు. ఆరేడేళ్లుగా వాటిలోనే వండుకుని తిన్నాం.

ఆ తర్వాత రెండు నెలలకు ఫిట్స్ వచ్చి పోయాడు. మట్టి ఇచ్చే ముందే బిడ్డ చేరుకుంది. ఐదో నెల నడుస్తోంది. ఇంక కాన్పయ్యేదాకా ఇక్కడే ఉంటానంది. నేను ఇద్దత్‌లో కూర్చున్నాను. మాలో మొగుడు పోయిన ఆడది నాలుగు నెలల పదిరోజులు ఇల్లు దాటకూడదు, పరాయి మగవాళ్లకు కనబడకూడదు. ఏడవడానికైనా ఏదో పని కావాలి. బ్యాండు సెట్టుకు రంగులు వేశాను.

బిడ్డ విషయంలో నేను ఎంత జాగ్రత్తగా ఉన్నానో అల్లాకు తెలుసు. తనను వెనక అర్రలో పడుకోబెట్టాను. రంగు డబ్బీలు ముట్టనివ్వలేదు. ఆకురాయి పొడి పడిన చోట తడిగుడ్డతో రెండుసార్లు తుడిచాను. సిపాయిలను ముట్టిన చేత్తో తనకు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. పొయ్యి మీద మాత్రం రోజూ ఆ దేగ్చానే ఎక్కింది. తనకు పులుపు మీదే ధ్యాస. "అమ్మీ, ఇంకింత చింతపండు పిండు," అనేది. ఖట్టీ దాల్ వండి, అదే దేగ్చాలో ఉంచి, పొద్దున వండింది సాయంత్రం దాకా తినిపించేదాన్ని. నాన్న చేతి కళాయి అని చెప్పి మరీ తినిపించాను.

తనకు కడుపునొప్పి వచ్చేది. ఆ నెలల్లో మామూలేనని ఇద్దరం అనుకున్నాం. ముఖం పాలిపోతే, తండ్రి పోయిన బాధ అనుకున్నాను.

సార్ బ్యాండు సెట్టు కోసం వచ్చాడు. పరదా ఇవతల నేను, వాకిట్లో కుర్చీ వేసుకుని సార్. ఆయనను కూర్చోబెట్టి ఒక్కో సిపాయికి కళ్లు పెట్టి పరదా కిందినుంచి జరుపుతున్నాను. మా ఆయన గురించి సార్ ఏమేమో చెప్పాడు. పదకొండోది ఇచ్చాను.

"అమ్మా, సీసం ఏమన్న మిగిలి ఉంటే నాకియ్యి, తీస్కపోత. బిడ్డ కడుపుతోని ఉన్నదంటివి, ఇంట్ల పెట్టుకోకు."

"ఏం మిగల్లేదు సార్. మా ఆయన దేగ్చాకు ఏసిండు."

అవతల కుర్చీ చప్పుడైంది.

"ఏ దేగ్చాకు?"

"వండుకునేదానికే."

సార్ పరదాకు దగ్గరగా వచ్చి, మెల్లగా, పిల్లలకు పాఠం చెప్పినట్టు చెప్పాడు. పులుపు తగిలితే సీసం కరిగి కూరలోకి దిగుతుందని, పొగ కన్నా అదే ఎక్కువని. నా వెనక బిడ్డ పీట మీద కూర్చుని పళ్లెంలో అన్నం కలుపుకుంటోంది. పన్నెండోది నా చేతిలోనే ఉండిపోయింది. దానికి కళ్లు పెట్టలేదు. సార్ దాన్ని అట్లాగే తీసుకుపోయాడు.

బుర్ఖా వేసుకుని బిడ్డను ఆటో ఎక్కించాను. తోడికోడలు గుమ్మానికి అడ్డం నిలబడింది. "ఇద్దత్ ఇడిసిపెట్టి ఎటు పోతున్నవ్? లోకం ఏమంటది?" అంది. లోకాన్ని ఏమన్నా అననీ అని, ఆమె చెయ్యి పక్కకు తీసి పోయాను. జగిత్యాల ఆసుపత్రిలో ఇద్దరికీ రక్తం తీసి హైదరాబాద్ పంపారు. రోజులు పట్టింది. నాది ఎక్కువే. బిడ్డదీ ఎక్కువే. తల్లి రక్తంలో ఉన్నది కడుపులోకి పోకుండా ఆపేది ఏదీ లేదని డాక్టరమ్మ చెప్పింది. మందు సంగతి కాన్పయ్యాక చూద్దామంది.

బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నాం. బిడ్డ అడిగింది.

"అబ్బాకు తెల్వదా?"

"తెల్వదు."

"నీకు?"

"నాకూ తెల్వదు, బేటా."

"నేనే అడిగి అడిగి తిన్న," అంది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

వారం తిరగకముందే బిడ్డ అత్తగారు వచ్చి తనను సిరిసిల్లకు తీసుకుపోయింది. పుట్టింటి కాన్పు అత్తింట్లోనే జరిగింది. నేను అచ్చులు, డబ్బీలు, గూట్లోని గుడ్డివాళ్లను అన్నిటినీ సార్ పంపిన మనిషికి కట్టి ఇచ్చాను. దేగ్చాను పాత సామాన్లవాడు అడిగాడు. వాడు ఇంకొకరికి అమ్మితే వాళ్లు వండుకుంటారు. మేకు పెట్టి, సుత్తెతో అడుగంతా చిల్లులు పొడిచి అప్పుడు ఇచ్చాను. కొడుతున్నంతసేపూ ఆయన కర్రముక్క కట్టుకున్న చెయ్యే కళ్ల ముందు ఆడింది. కోపమొచ్చింది ఆయన మీద. చచ్చినవాడి మీద కోపం ఎక్కడ దించుకోవాలో తెలియక ఇంకా కొట్టాను.

ఆడపిల్ల పుట్టింది. నెల ముందే వచ్చింది. ఇద్దత్ ముగియగానే సిరిసిల్ల పోయాను. మగ్గాల చప్పుడుకు ఆ వీధిలో మాట వినబడదు. ఏమీ వండి తీసుకుపోలేదు, అరటిపండ్లు కొనుక్కుని పోయాను. అత్తగారు నన్ను చూసి, "చేతులు కడుక్కొని ఎత్తుకోండి," అంది. ఎగతాళిగా కాదు, మామూలుగానే అంది. సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాను. పిల్ల చాలా తేలిక. ఏడుపు కూడా సన్నగా ఉంది. ముందు ముందు ఎట్లా ఉంటుందని డాక్టరును అడిగితే, ఇప్పుడే చెప్పలేం, మెడ ఎప్పుడు నిలుపుతుందో, ఎప్పుడు కూర్చుంటుందో, మాట ఎప్పుడొస్తుందో చూడాలి అన్నారట.

మెడ ఆలస్యంగా నిలిపింది. ఇప్పుడు తొమ్మిది నెలలు దాటింది. పక్కింటివాళ్ల పిల్లాడు మా పిల్లకన్నా పదిరోజులు చిన్నవాడు, గోడ పట్టుకుని నిలబడుతున్నాడట. కొందరు పిల్లలు మెల్లగా చేస్తారు, ఏమీ ఉండకపోవచ్చు అని డాక్టరమ్మ అంటోంది. ప్రతి శుక్రవారం నమాజు అయ్యాక ఫోను చేస్తాను. తిన్నావా, పడుకున్నావా అని నాలుగు మాటలు తిప్పి, చివరికి ఆ మాట అడుగుతాను. నిన్న నేను ఇంకా ఏమీ అడగలేదు. ఫోను ఎత్తగానే బిడ్డే చెప్పింది.

"ఇంకా కూసుంటలేదు, అమ్మీ."