అద్దాల తలుపుకి తెర

కర్టెన్ల మేస్త్రి ప్రతి కొలతా మూడుసార్లు తీసుకుంటాడు. మొదటిది పనికోసం, రెండోది అనుమానంకోసం, మూడోది ఇంటివాళ్ల ఎదుట మర్యాదకోసం. చెవిమీద పెన్సిలు, పెదవుల మధ్య మరలు పెట్టుకుని, తీర్పు చెప్పబోయే న్యాయమూర్తిలా గుమ్మం ముందు నిలబడతాడు. పని అయ్యాక బయటికెళ్లి, అద్దానికి అవతలినుంచి "కనబడుతున్నానా?" అని అరుస్తాడు. లేదంటేనే సంచి సర్దుతాడు. ముప్పై ఏళ్లుగా కనబడకపోవడమే అతని ఘనత.

ఆ రోజు ఒక పెద్దావిడ వీధి తలుపుకి తెర కావాలంది. "సాయంత్రం ఈ దారిన ఎవరు పోయినా అద్దంలో నీడ చూసి మా ఆయనే అనుకుని లేస్తున్నాను నాయనా. ఆయన పోయి నాలుగు నెలలైంది. నా మోకాళ్లకి ఇంకా తెలియలేదు," అంది. మేస్త్రి ఉన్నవాటిలో మందపాటి గుడ్డే బిగించి, అలవాటు ప్రకారం బయటికెళ్లాడు. అతని వీపు వెనక పొద్దు వాలుతోంది; నీడ తలుపుమీద పడింది.

"కనబడుతున్నానా అమ్మా?"

"లేదు నాయనా."

అతను బయటికొచ్చేటప్పుడు ఆవిడ గదికి ఆ చివర కుర్చీలో కూర్చునుంది. జవాబు మాత్రం తలుపుని ఆనుకుని వచ్చింది. వెంటనే గడియ తీసిన చప్పుడైంది. మేస్త్రి లోపలికొచ్చి, తెరకి రెండో పొర కుట్టడానికి, ముప్పై ఏళ్లలో మొదటిసారిగా నాలుగోసారి కొలిచాడు.