కవర్ తీయని కుర్చీ

సర్కారు ఇచ్చిన చక్రాల కుర్చీలు ఇళ్లలో ఎలా ఉన్నాయో చూసి రావడం కాంతమణి ఉద్యోగం. సికింద్రాబాదులో ఆమె ఆఫీసు. అమ్ముకున్నారా, విరగ్గొట్టారా అన్నదే పైవాళ్లు అడుగుతారు. అందుకే ఎవరింటికి వెళ్లినా ఆమె ముందు కుర్చీనే చూసేది.

మౌలాలి గుట్ట కింద విమలమ్మ ఇంట్లో కుర్చీ మెరుస్తోంది. ఆమె కొడుకు లక్ష్మణ్ గోడలకు రంగులు వేస్తూ పైనుంచి పడ్డాడు. నడుము కింద స్పర్శ లేదు. అతను కూర్చున్న సీటుకు ప్లాస్టిక్ కవర్ ఇంకా అలాగే ఉంది.

"మల్ల అయిదేండ్లదాంక ఇంకోటి ఇయ్యరంట గద మేడం. ఖరాబైతదని తియ్యలే," అంది విమలమ్మ.

"నాకు సుత తొడుగుతదేమో మేడం, మాసిపోతనని," అన్నాడు లక్ష్మణ్.

ముగ్గురూ నవ్వారు. "బాగా చూసుకుంటున్నారమ్మా," అని మెచ్చుకుంది కాంతమణి. మల్కాజ్‌గిరిలో ఆమె ఇంట్లోనూ కొత్త సోఫాకు కవర్ తీయలేదు.

ఎండాకాలం దాటాక మళ్లీ వెళితే గడపలోనే వాసన తగిలింది. లక్ష్మణ్ బోర్లా పడుకుని ఉన్నాడు. ప్లాస్టిక్ మీద చెమటకు నాని పిరుదుల దగ్గర చర్మం ఊడిపోయింది. అతనికి నొప్పి తెలియదు. పుండు ఎముక దాకా పోయాక గానీ తల్లి చూడలేదు.

"జెర ఫ్యాను ఇటు తిప్పుండ్రి మేడం," అన్నాడు.

పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. కవర్ సంగతి విన్న డాక్టరు కాంతమణిని పక్కకు పిలిచి, పుండు పుట్టింది దానివల్లేనని చెప్పాడు. లక్ష్మణ్ బతకలేదు.

దినాలయ్యాక విమలమ్మ కుర్చీని కవర్ తీయకుండానే తుడిచి ఆటోలో ఆఫీసుకు తెచ్చింది. "ఏం ఖరాబ్ గాలె మేడం. ఎవరికన్న అక్కరకొస్తది." డాక్టరు మాట ఆమెకు చెప్పలేకపోయింది కాంతమణి.

విమలమ్మ వెళ్లిపోయాక కాంతమణి స్టోరులో కొత్త కుర్చీల కవర్లన్నీ కత్తెరతో కోసింది. స్టోరు చూసే రాజేందర్ పరుగెత్తుకొచ్చాడు. "ఏందీ మేడం గిది? ఆడిట్ వాళ్లకు కొత్తవని ఎట్ల చూపెట్టాలె?" ఆమె చేయి ఆగలేదు. మూలన పెట్టిన విమలమ్మ కుర్చీ కవర్‌ను మాత్రం ముట్టుకోలేకపోయింది.

మర్నాడు కమలాబాయి అనే ఆమె తన భర్త కోసం కుర్చీ తీసుకెళ్లడానికి వచ్చింది. సీటు తడిమింది. "కవరేది మేడం? గరీబోళ్లమని పాతది అంటగడుతున్రా?" మూలన కవర్‌తో ఉన్న కుర్చీకేసి చూసింది. "అగో, గది ఇయ్యుండ్రి. గది కొత్తది."

కాంతమణి ఆమెను బల్ల మీద కూర్చోబెట్టి లక్ష్మణ్ సంగతి చెప్పసాగింది. కమలాబాయి ఊ కొడుతూనే ఉంది. చూపు మాత్రం మూలనున్న కుర్చీ మీదనే ఉంది.