మా బావ ఎడమకాలు, నేను వేసిన క్లచ్

కొత్త క్లచ్ వేసి పంపిన కారు నెల తిరక్కుండా వెనక్కొస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇరవై ఏళ్లు దాటింది ఈ పనిలోకి వచ్చి, ఇప్పటికీ అంతే. బండిలో తప్పు వెతకడానికి ముందు నడిపేవాడిలో వెతుకుతాను. చాలాసార్లు అక్కడే దొరుకుతుంది కూడా. పెడలు మీద పాదం ఆనించుకుని మైళ్లకు మైళ్లు నడిపేవాళ్లు మా జిల్లాలో తక్కువమందేమీ లేరు. అందుకని ఈ దురుసుతనాన్ని అనుభవం అనుకుని బతికేశాను.

నా షెడ్డు శ్రీకాకుళం నుంచి కళింగపట్నం వెళ్లే రోడ్డు మీద ఉంది. మా నాన్న భావనపాడులో సముద్రం మీద చేపల వేటకి వెళ్లేవాడు. మా అప్పని, అంటే మా అక్కని, కళింగపట్నంలో ఇచ్చాం. బావది కూడా సముద్రం పనే. ఒకరోజు తెప్పని ఒడ్డుకి లాగుతుంటే కెరటం దాన్ని ఎత్తి ఆయన ఎడమ మోకాలి మీద పడేసింది. ఎముక అతుక్కుంది గానీ, ఊగే తెప్ప మీద నిలబడే పట్టు మాత్రం మళ్లీ రాలేదు. ఒడ్డున కూర్చుని చిరిగిన వలలు బాగుచేసుకోమన్నారు అందరూ. అది ముసలివాళ్ల పని అన్నాడు బావ. పాత కారొకటి కొని కిరాయికి తిప్పడం మొదలుపెట్టాడు. గుజరాత్ బోట్ల మీదకి పనికి పోయే మావాళ్లని ఆమదాలవలస స్టేషన్లో దింపడం, కాన్పులకీ జ్వరాలకీ ఆసుపత్రికి తీసుకెళ్లడం, ఇవే ఎక్కువ. సముద్రానికి పనికిరాని కాలు క్లచ్ తొక్కడానికి పనికొచ్చింది. ఆ మాట ఆయన పైకి ఎప్పుడూ అనలేదు. కానీ కారు దిగి నడిచేటప్పుడు కుంటేవాడు, ఎక్కి కూర్చున్నాక మాత్రం మనిషి నిటారుగా ఉండేవాడు. ఇక ఆ కాలు దీనికి కూడా పనికిరాదని తేలితే ఆయనకి మిగిలేది ఆ వలలే.

ఒక ఏడాది శాలిహుండం దగ్గర ఎత్తు ఎక్కుతుంటే బండి జారిపోవడం మొదలైంది. ఇంజను అరుస్తుంది, చక్రం తిరగదు. క్లచ్ అరిగిపోయింది. ప్లేటు, కవరు, బేరింగు అన్నీ కొత్తవి వేశాను. పెడలు నుంచి గేర్‌బాక్సు దాకా వెళ్లే కేబుల్ కూడా మార్చాను. పాతదే ఉంచొచ్చు. కానీ బావ బండి కదా, ఏ వంకా ఉండకూడదనుకున్నాను.

ఇక్కడ నా షెడ్డులో ఉండే ఒక డబ్బా గురించి చెప్పాలి. అందులో ఉండేది సొర నూనె. సొర చేప కాలేయం మరిగించి తీస్తారు. మా నాన్న ఏటా తెప్పకి అదే పూసేవాడు. ఉప్పుగాలి, ఉప్పునీరు దాన్ని దాటి చెక్క దాకా వెళ్లలేవు. నేను మెకానిక్కునయ్యాక ఆ అలవాటుని కార్లకి తెచ్చాను. సముద్రం పక్క ఊళ్ల బండ్లకి అడుగున ఇనుముకి గుడ్డతో పూస్తాను. వాసనకి ముక్కు మూసుకుంటారు గానీ తుప్పు మాత్రం పట్టదు. నా కిటుకు అని చెప్పుకుని గర్వపడేవాణ్ణి. ఆ రోజు ఇంకాస్త ముందుకెళ్లాను. కొత్త కేబుల్ని నిలువుగా పట్టుకుని, పై చివర నుంచి నూనె సన్నధారగా పోశాను. కింది చివర నుంచి బొట్టు రాలేదాకా ఆగలేదు. కేబుల్లో ఏమీ వేయొద్దని దాని అట్టపెట్టె మీద రాసుంది. అట్టపెట్టెలు రాసేవాళ్లు కళింగపట్నం గాలి ఎప్పుడు పీల్చారు అనుకున్నాను. వేరేవాళ్ల కారైతే అంత శ్రద్ధ తీసుకునేవాణ్ణి కాదు.

మర్నాడే బావ వచ్చాడు. గేరు పడేటప్పుడు గరగరమంటోందన్నాడు. అది చిన్న విషయం. పెడలు కదిలాక క్లచ్ అందుకునేలోపు కాస్త వదులు ఉండాలి. నేను ఎక్కువ వదిలేశాను. కేబుల్ చివర నట్టు రెండు చుట్లు బిగించాను, మెత్తగా పడింది గేరు. బావ నవ్వాడు. నేనూ మీసం దువ్వుకున్నాను. ఆ తేలిక గెలుపు నన్ను చెడగొట్టిందని ఇప్పుడనిపిస్తుంది.

పది రోజులకి మళ్లీ వచ్చాడు. "ఒరే, పెడలు బరువుగున్నాదిరా" అన్నాడు.

"కొత్తది కదా బావా, అలగే ఉంటాది. నాలుగు కిరాయిలు తిరిగితే అదే మెత్తబడతాది" అన్నాను, చేస్తున్న పని మీంచి తలెత్తకుండానే.

మెత్తబడలేదు. ఇంకో వారానికి అప్పతో కలిసి వచ్చాడు. స్టేషన్ దగ్గర రద్దీలో కాలు వణికి పెడలు వదిలేశాడట. బండి ఎగిరి ముందున్న ఆటోకి ఆనిందట. ఎవరికీ ఏమీ కాలేదు. అప్ప మొహం మాత్రం పాలిపోయి ఉంది.

చూశాను. పెడలు కింద పట్టా మడత పడి అడ్డం వస్తోందా? లేదు. నట్టు బిగుసుకుపోయిందా? లేదు. కేబుల్ ఎక్కడైనా ఒంపు తిరిగి నలిగిందా? లేదు. కాలుతో నొక్కి చూస్తే గట్టిగానే ఉంది, కానీ గట్టిగా ఉంటుందని నేనే చెప్పి ఉన్నాను కదా. ఆ తర్వాత చేయాల్సిన పని ఒకటుంది. కేబుల్ని గేర్‌బాక్సు దగ్గర విప్పేసి, ఉత్త పెడలు నొక్కి చూడాలి. తేలిగ్గా దిగితే తప్పు గేర్‌బాక్సు వైపు ఉన్నట్టు. అప్పుడూ బరువుగానే ఉంటే తప్పు పెడలు దగ్గరో కేబుల్లోనో ఉన్నట్టు. పట్టుమని పది నిమిషాల పని. నా దగ్గర పని నేర్చుకున్న ప్రతివాడికీ ముందు ఇదే చెప్తాను. ఆ రోజు నేను చేయలేదు. పని ఒత్తిడి అని చాలామందికి చెప్పాను గానీ అది అబద్ధం. నా పనికి మూడోసారి వంక పెట్టాడని ఉడుక్కున్నాను.

"బావా, తప్పు పెడల్లో లేదు. నీ కాల్లో ఉన్నాది. మోకాలు పోనాది, ఒప్పుకో" అన్నాను. అప్ప ఎదురుగానే అన్నాను.

ఆయన కోప్పడతాడనుకున్నాను. వంగి తన కాలు వైపు చూసుకున్నాడు. "అంతేనంటావేటి?" అన్నాడు. అంతేనన్నాను. తిరుగుప్రయాణంలో బండి నేనే నడిపి వాళ్లింటి దగ్గర పెట్టి, ఆటోలో వచ్చేశాను. నడుపుతున్నంతసేపూ నా కాలికి కూడా బరువుగానే తగిలింది. అయినా నోరు విప్పలేదు.

తర్వాత మూడు వారాలు బండి ఇంటి పక్కనే ఉంది. కిరాయిలు వేరేవాళ్లకి పోయాయి. ఒకరోజు అప్ప ఫోన్ చేసింది. "తమ్ముడూ, ఎవులైనా ఉంటే సూడు, కారు ఇచ్చేద్దాం. మీ బావ సరేనన్నాడు. మనిషైతే మాట్లాడ్డం లేదు" అంది.

అమ్మే ముందు బండిని ఒకసారి చూద్దామని పొద్దున్నే వెళ్లాను. బావ ఒడ్డుకి వెళ్లాడు. తాళం తీసి కూర్చుని క్లచ్ తొక్కాను. బరువుగా దిగింది. కాలు తీశాను. పెడలు పైకి రాలేదు. నేల కరుచుకుని ఉండిపోయింది. బొటనవేలు కింద దూర్చి పైకి లాగాల్సి వచ్చింది.

కాలు బలహీనమైతే పెడలు దిగదు. దిగిన పెడలు తిరిగి లేవకపోతే అందులో కాలి తప్పేముంది? అది తెలియడానికి మెకానిక్కే కానక్కర్లేదు.

పెడలు మొదలు చూద్దామని కింద పడుకుని తల లోపలికి పెట్టాను. సీటు కింద గుడ్డసంచి ఒకటి తగిలింది. చిన్నదే గానీ మహా బరువుంది. విప్పితే వలకి కట్టే సీసం గుళ్లు. సంచికి రెండు వైపులా తాళ్లు కుట్టి ఉన్నాయి. "ఏటే అప్పా ఇది?" అని అడిగాను.

అప్ప గుమ్మంలోనే నిలబడింది. "నువ్వు కాలు పోనాదన్నావు కదా. రోజూ తెల్లారగట్ల బండిలో కూకుని అది మడమకి కట్టుకుంటాడు. వంద సార్లు ఎత్తుతాడు, దించుతాడు. అమ్మేద్దామన్నాక కూడా మానలేదు. నీకు సెప్పొద్దన్నాడు" అంది.

నేను ఆ సంచిని పక్కన పెట్టి పని చేశాను. ఇంకేం చేయాలో తెలియలేదు. కేబుల్ కింది చివర విప్పి పెడలు నొక్కాను. అప్పుడూ అంతే బరువు. గేర్‌బాక్సుకి సంబంధం లేదు, మోకాలికి అసలే లేదు. కేబుల్ బయటికి తీసి, పైతొడుగు కోసి చూశాను. నేను పోసిన సొర నూనె ముదురు బెల్లంపాకంలా గడ్డకట్టి, లోపలి తీగని పట్టుకుని ఉంది. చెక్క మీద ఆరి పొర కట్టడం దాని గుణం. మా నాన్న తెప్పని కాపాడిన గుణం అదే. ఐదారు వారాలు నెమ్మదిగా ఆరుతూ వచ్చింది, పెడలు నెమ్మదిగా బరువెక్కుతూ వచ్చింది. మేమంతా ఒక మనిషి మోకాలు నెమ్మదిగా చచ్చిపోతోందనుకున్నాం.

శ్రీకాకుళం వెళ్లి ఇంకో కేబుల్ తెచ్చి వేశాను. ఈసారి అందులో ఏమీ పోయలేదు. మధ్యాహ్నానికి బావ వచ్చాడు. ఎక్కమన్నాను. ఎప్పటిలాగే చెప్పులు బయట విడిచి ఎక్కాడు. ఎడమకాలు పెట్టి, పళ్లు బిగించి బలంగా తొక్కాడు. పెడలు ఒక్కసారిగా టప్పున నేలకి కొట్టుకుంది. ఆయన ఉలిక్కిపడ్డాడు. ఇంకోసారి మెల్లగా తొక్కాడు. తర్వాత తొక్కుతూనే ఉన్నాడు.

"కాలు కాదు బావా. నూనె నానే పోసాను, కేబుల్లో. అది గడ్డకట్టేసినాది. నీ కాలు బాగానే ఉన్నాది" అన్నాను. చెంప మీద కొట్టినా పడదామనే నిలబడ్డాను. కొడితే బాగుండునని కూడా అనిపించింది.

ఆయన తొక్కడం ఆపి, చేత్తో మోకాలు నిమురుకున్నాడు.

"నొప్పి లేదురా దీనికి, ముందు నుంచీ లేదు" అన్నాడు. "అయినా నువ్వు పోనాదన్నావు కదా. పోనాదనుకున్నాను."