రాయి మోయించిన అత్త

మా మేనత్త పోయిన వారం కన్నుమూసింది. పొద్దున్నే మా నాయన ఫోన్ చేసి, "మీ అత్త పోయింది పాపా, బిరీన రా" అన్నాడు. ప్రొద్దుటూరులో బస్సెక్కిన దగ్గర్నుంచి నాకు ఏడుపు రాలేదు. ఊరి దగ్గర కొండమీద కోటగోడ కనబడినప్పుడు వచ్చింది.

ఆ కోట విజయనగర రాజుల నాటిది. మా మామ దానికి కావలి. జీతం ఆయనదే అయినా, కోట తన సొంతమన్నట్టు ఉండేది మాత్రం అత్త. ఆయనకు సద్ది తీసుకొని కొండెక్కేది. గోడ సందుల్లో మొలిచిన రావి మొక్కలు పీకుతూ దిగేది. చూసేదానికి వచ్చిన పిల్లలకు, "ఫిరంగులకే పడలేదు ఈ గోడ" అని గర్వంగా చెప్పేది.

ఫిరంగులకు పడనిది ట్రాక్టర్లకు పడింది. ప్రొద్దుటూరులో బంగళా కట్టుకుంటున్న ఒక కంట్రాక్టరు ఆ రాళ్లు ఊడదీయించాడు. మామ అడ్డం పోతే వాని మనుషులు గడ్డపారతో మోకాలు విరగ్గొట్టారు. ఆయన మళ్లీ కొండెక్కలేదు. మంచంలోనే పోయాడు. కొట్టినోళ్లను చూసినట్టు ఎవరూ సాక్ష్యం చెప్పలేదు కాబట్టి ఆ కేసు నిలవలేదు. రాళ్ల కేసు మిగిలింది.

అత్త దాన్నే పట్టుకుంది. వాయిదా ఉన్నప్పుడల్లా జమ్మలమడుగు కోర్టు వరండాలో ఆ కంట్రాక్టరుకు ఎదురుగా కూర్చునేది. వాడు తల తిప్పుకున్నా ఈమె చూపు తిప్పేది కాదు. పెద్దమనుషులు రాజీ చేసేదానికి వచ్చారు.

"అయిందేదో అయిపాయ. మర్చిపోమ్మా. ఏం కావల్లో చెప్పు, ఇప్పిస్తాం."

"నా మొగుని కాలు ఇప్పిస్తారా?"

వాళ్లు లేచిపోయాక నాతో అంది: "మర్చిపొమ్మనేటోనికి దెబ్బ తగిలింటే కదా పాపా!"

చివరికి రాళ్లన్నీ కోటకు చేర్చాలని తీర్పు వచ్చింది. ఆ రాళ్లతో కట్టుకున్న ప్రహరీని వాడే పడగొట్టుకొని, ట్రాక్టర్లలో కొండకిందికి తెచ్చాడు. అత్త వాని కారు దగ్గరికి పోయింది.

"కూలోళ్లు మోసేవి మోస్తారు. ఒక్క రాయి నువ్వు మొయ్యి."

"తీర్పులో అట్ల లేదు కదమ్మా!"

"లేదు. నేను చెప్తాండా."

ఊరంతా కారు చుట్టూ చేరింది. వెనక్కి తిప్పే సందు లేదు. వాడు రాయి ఎత్తుకొని తెల్లచొక్కా మట్టి చేసుకుంటూ కొండెక్కాడు. నడుమ కూలబడితే అత్త వెనకనే నిలబడి, "ఆయన్ను మోసుకొని దింపిన దోవ ఇదే. లెయ్యి" అంది.

ఆ పొద్దు ఆమె ముఖంలో కనబడిన తృప్తిని మీలో కొందరు తప్పనొచ్చు. నేను అనను. క్షమించమని నాకు శానామంది చెప్పారు. వదలకుండా ఉండటం ఆమె ఒక్కతే నేర్పింది.

అత్తను మట్టి చేసే రోజున వాడు బంతిపూల దండ తీసుకొని వచ్చాడు, నలుగురిలో మంచోడనిపించుకునేదానికి. నేను వాకిట్లోనే ఆపాను.

"ఆయమ్మే పాయ, ఇంగ పగెందుకు పాపా?"

"ఆమె పోయింది. నేనుండా."

వాడు దండను కారు బానెట్ మీద పెట్టి ఎండలో నిలబడ్డాడు. యాడినుంచో ఒక మేక వచ్చి, ముందుకాళ్లు పైకి వేసి, పూలు కొరకడం మొదలుపెట్టింది. డ్రైవరు చెయ్యి ఎత్తబోయి, మా ముఖాలు చూసి దించుకున్నాడు. మేక నిమ్మళంగా నములుతా ఉంది. ఎవరూ అదిలించలేదు.