మా ఆయన ముత్తాత పేరు

మా పెళ్ళిలో పంతులుగారు వరుడి ముత్తాత పేరు అడిగితే మా ఆయన తన సూపర్‌వైజర్ పేరు చెప్పాడు. తండ్రి పేరు తెలుసు, తాత పేరు తెలుసు, ఆ పైన ఏమీ తెలియదు. ముహూర్తం మించిపోతోందని పంతులుగారు తొందరపెడుతున్నారు. నోటికి ఏదొస్తే అది చెప్పేశాడు. ఆ సూపర్‌వైజర్ చైనా పెద్దమనిషి. సింగపూర్ జురాంగ్ ఐలాండ్‌లో మేమిద్దరం పనిచేసే ప్లాంటులో మా అందరి మీదా ఆయనదే పెత్తనం. సరిగ్గా ఆ సమయానికి ముందు వరసలో కూర్చుని ఉన్నాడు. మంత్రంలో తన పేరు, దాని చివర ‘వర్మ’ అని వినబడేసరికి దిక్కులు చూశాడు. అడ్డుతెర వెనక నేను నవ్వాపుకోలేక చచ్చాను. ఆ కథ చెప్పి పద్దెనిమిదేళ్ళు అందరినీ నవ్వించాను.

మా ఆయన పుట్టిందీ పెరిగిందీ సింగపూర్‌లోనే. తాత నార్వే నుంచి ఓడ ఇంజనీరుగా వచ్చి, ఇక్కడి అమ్మాయిని పెళ్ళాడి, కొడుక్కి నడక రాకముందే మళ్ళీ ఓడెక్కి పోయాడట. మరి తిరిగి రాలేదు. ఇక్కడ మిగిల్చింది తన ఇంటిపేరు ఒక్కటే. మా ఆయన నాకంటే ఒక చాయ తక్కువ. ఏ ఆఫీసులోనైనా ఆ తెల్లవాళ్ళ పేరు పిలిచి, లేచి నిలబడ్డ మనిషిని చూసి, మళ్ళీ పిలిచేవారు. “నేనే, నేనే” అని చెయ్యెత్తేవాడు. నేను ఏమండీ అని పిలుస్తుంటే పక్క ఫ్లాటు వాళ్ళు అదే ఆయన పేరనుకున్నారు. ఆ పేరే బాగుంది, ఎవరూ రెండోసారి అడగరు అనేవాడు.

కిందటేడు డ్యూటీ నుంచి వస్తూ జురాంగ్ ఈస్ట్ స్టేషన్‌లో రైలు మారబోతూ పడిపోయాడు. నేను ఆసుపత్రికి చేరేసరికే అయిపోయింది. వాచీ, రైలు కార్డు, తాళంచెవుల గుత్తి ఒక కవర్లో పెట్టి నా చేతికిచ్చారు. ఆ గుత్తిలో చిన్న చెవి ఒకటుంది. మా బ్లాకు కింద వరసగా ఉండే పోస్టు డబ్బాల్లో మా డబ్బాది. కొన్నేళ్ళుగా దాన్ని ఇంకెవరికీ ఇచ్చేవాడు కాదు. రోజూ పనినుంచి వచ్చి తనే తీసి చూసేవాడు. “ఎందుకంత ఆరాటం? పాత గర్ల్‌ఫ్రెండ్ ఉత్తరమా?” అని ఏడిపించేదాన్ని. నవ్వి ఊరుకునేవాడు.

చర్చికి వెళ్ళే అలవాటు ఆయనకి లేదు. తనకి ఏం చేసినా నా పద్ధతిలో చెయ్యమని ఎప్పుడో అన్నాడు. పన్నెండో రోజుకి మా పెళ్ళి చేసిన పంతులుగారే వచ్చారు.

“పెళ్ళిలో చెప్పిన పేర్లే కదమ్మా?” అన్నారు, కాగితం తీస్తూ.

“ముత్తాత పేరు అది కాదండీ. అది ఆయన సూపర్‌వైజర్ పేరు.”

పంతులుగారు నవ్వలేదు. నేనూ నవ్వలేదు. పద్దెనిమిదేళ్ళలో ఆ కథకి ఎవరూ నవ్వకపోవడం అదే మొదటిసారి.

“పోయినాయన్ని తండ్రి, తాత, ముత్తాతలతో కలపాలి తల్లీ. పేరు తెలియకపోతే ఆదిత్య రూపుడని చెప్పి కానిచ్చేద్దాం, దోషం లేదు. కాదూ, సంవత్సరీకం దాకా ఆగుదామంటే ఆగుదాం. ఈలోపు దొరుకుతుందేమో చూడమ్మా.”

మా అమ్మాయికి పదహారేళ్ళు. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయి ఉంది. “డాడీకి ఇవన్నీ పట్టవు లా, అమ్మా. ఏదో ఒక నేమ్ పెట్టేయ్. హూ విల్ చెక్?” అంది. చివర ఆ సింగపూర్ ‘లా’తో సహా అచ్చం వాళ్ళ నాన్న మాటే. నేను మాత్రం ఆగుదామన్నాను.

ఎందుకు ఆగుదామన్నానో పంతులుగారికి చెప్పలేదు, అమ్మాయికీ చెప్పలేదు. దానికి ఏడేళ్ళప్పుడు స్కూల్లో వంశవృక్షం గీసుకు రమ్మన్నారు. నా వైపు ఏడు తరాలు మా తాతగారు రాసిపెట్టి ఉంచారు. కాగితంలో సగం నిండిపోయింది. ఆయన వైపు తాత దగ్గర గీత ఆగిపోయింది. ఆయన కాసేపు ఆ ఖాళీనే చూస్తూ కూర్చుని, “ఒకసారి నార్వే వెళ్ళి వెతుకుదామా?” అన్నాడు. నేను చపాతీలు వత్తుతున్నాను. తల ఎత్తకుండానే, “మీ తాత మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడా? వదిలేసి పోయినవాళ్ళ కోసం దేవులాట దేనికి?” అన్నాను. “కరెక్ట్ లా” అన్నాడు. మళ్ళీ ఎన్నడూ ఆ ఊసెత్తలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోరు మంచిది కాదు. ఆయన పోయాక నార్వే వెతకడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేనని తెలుసు. అయినా ఆ ఒక్క పేరు దొరికితే ఆ మాట వెనక్కి తీసుకున్నట్టవుతుందని నా ఆశ.

బీరువా అడుగున బిస్కెట్ల డబ్బాలో తాత ఓడ ఉద్యోగపు పుస్తకం ఉంది. అందులో పుట్టిన ఊరు రాసి ఉంది. అమ్మాయి విసుక్కుంటూనే ఫోన్లో మ్యాపు తీసింది. వేలితో జరుపుకుంటూ పోయి హఠాత్తుగా ఆగింది. “అమ్మా, చూడు. డాడీ పేరు.” ఆ ఊరి పక్కన, కొండ కింద, ఒక ఫామ్ మీద మా ఇంటిపేరు రాసి ఉంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

ఆ ఫామ్‌లో వేసవిలో వచ్చేవాళ్ళకి గదులు అద్దెకిస్తారు. అందుకని ఈమెయిల్ తేలిగ్గా దొరికింది. రాశాను. రెండో రోజే జవాబొచ్చింది. రాసినావిడ డెబ్బై దాటిన మనిషి. భర్త పోయాడు, ఇంటిపేరు మాదే. ‘మీరు మావాళ్ళే అయి ఉంటారు’ అంది. పెద్ద పెద్ద కొట్టాలు, పచ్చిక బయళ్ళు, రెండంతస్తుల తెల్లటి ఇల్లు, అన్నీ ఫోటోలు తీసి పంపింది. ఆ కాలంలో ఆ ఇంటి యజమాని ఎవరో పాత పుస్తకంలో చూసి ముత్తాత పేరు కూడా పంపింది.

మనకి ఇంటిపేరు కలిస్తే రక్తం కలిసినట్టే. సంబంధాలు కూడా కలుపుకోం. అక్కడ మరోలా ఉండవచ్చని నాకు తట్టనే లేదు. పేరు పంతులుగారికి చేరవేశాను. మా అక్కకి ఫోన్ చేసి, “మా ఆయన వాళ్ళు పెద్ద కామందులటే” అన్నాను. నా పెళ్ళినాడు ఊరూ పేరూ లేనివాడని సాగదీసిన మనిషి మా అక్క. ఆ గొప్ప చెప్పుకోకుండా ఉండలేకపోయాను.

సంవత్సరీకం పది రోజులుందనగా ఆవిడ దగ్గర్నుంచి పొడుగాటి మెయిల్ వచ్చింది. మాకు పంపడానికి పాత ఫోటోలు వెతుకుతుంటే వాళ్ళాయన సొరుగులో ఒక ఉత్తరం దొరికిందట. సింగపూర్ నుంచి, పదేళ్ళ కిందటిది. అందులో తాత పుట్టిన వివరాలన్నీ ఉన్నాయట. అవి తమ ఇంటివాళ్ళెవరితోనూ సరిపోలేదు. చర్చి పుస్తకాలు చూసేవాళ్ళని అడిగితే నిజం తేలింది. తాత ఆ ఇంటి బిడ్డ కాడు. ఆ ఫామ్‌లో, కొండ మీద ఇచ్చిన కాస్త జాగాలో గుడిసె వేసుకున్న పాలేరు కొడుకు. ఆ పాలేరు పేరు కూడా రాసి పంపింది. ఆ రోజుల్లో ఫామ్ మీద బతికినవాళ్ళంతా ఆ ఫామ్ పేరే రాసుకునేవారు. పేరు మనుషులది కాదు, భూమిది. నేను యజమాని పేరు తెచ్చి పిండం పెట్టబోయాను.

ఒక్క క్షణం నా మనసు చిన్నబోయింది. అక్కకి ఏం చెప్పాలా అనుకున్నాను. మా పుట్టింటి పాలేరునీ ఊళ్ళో మా ఇంటిపేరుతోనే పిలిచేవారు. అతని తండ్రి పేరేమిటో మేమెవరం ఏనాడూ అడగలేదు. ఆ ఒక్క క్షణానికి నేను ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

మెయిల్ కింద ఆ ఉత్తరం ఫోటో ఉంది. తెరవగానే అక్షరాలు గుర్తుపట్టాను. కుడివైపుకి ఒరిగే ఆ రాత మా ఫ్రిజ్ మీద కొత్తిమీర, గుడ్లు అని ఇంకా అంటించే ఉంది. వంశవృక్షం గీసిన వారానికి రాసింది.

‘అయ్యా, నాకు భూమి గానీ ఇంకేదైనా గానీ అక్కర్లేదు. మా తాత తండ్రి పేరు తెలిస్తే చాలు. నా పెళ్ళిలో అగ్ని ముందు ఒక అబద్ధపు పేరు చెప్పాను. నా భార్య ఆ సంగతి చెప్పి అందరినీ నవ్విస్తుంది. నేనూ నవ్వుతాను. కానీ ఆమె తన వాళ్ళని ఏడు తరాలు చెప్పగలదు, ఆమెకి నేనిచ్చింది అబద్ధం. నిజం పేరు దొరికాక చెప్దామని ఇది ఆమెకి తెలియకుండా రాస్తున్నాను. ఇంటికే జవాబు రాయండి. పోస్టు డబ్బా నేనే తీస్తాను.’

ఫోన్ పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. తొమ్మిదేళ్ళు రోజూ ఆ డబ్బా తీసి, కరెంటు బిల్లులూ ఫుడ్ డెలివరీ కాగితాలూ పట్టుకుని పైకొచ్చిన మనిషిని నేను పాత గర్ల్‌ఫ్రెండని ఏడిపించాను.

మర్నాడు ఆవిడ వీడియో కాల్ చేసింది. మాకు సాయంత్రం, వాళ్ళకి మధ్యాహ్నం. “పేరు కలిసినవాడెవడో భూమి అడగడానికి వస్తున్నాడని మా ఆయన భయపడి ఉంటాడు. జవాబు ఇవ్వాల్సింది,” అంది. మోకాళ్ళ నొప్పితో ఆయాసపడుతూ, ఫోన్ పట్టుకుని, ఆగి ఆగి కొండెక్కింది. పైన ఆ గుడిసె పునాదిగా మిగిలిన నాలుగు వరసల రాళ్ళు, వాటి మధ్య గడ్డి, మూలగా ఎర్ర పళ్ళ పొద ఒకటి. మనిషి నాటితే తప్ప ఆ పొద అంత ఎత్తులో మొలవదట. మా రెండు గదుల ఫ్లాటంత కూడా లేదు ఆ ఇల్లు. అమ్మాయి ఫోన్ దగ్గరికి లాక్కుని చూసింది. తర్వాత ముత్తాత అసలు పేరు ఎలా పలకాలో ఆవిడ చేత నాలుగైదుసార్లు చెప్పించుకుంది.

సంవత్సరీకం రోజున అమ్మాయి దర్భ ఇస్తే పంతులుగారు జరిపించారు. ముత్తాత పేరు దగ్గర ఆయన తడబడ్డారు.

“అలా కాదు పంతులుగారూ, ఇలా,” అని అమ్మాయి దిద్దింది.

మూడోసారికి సరిగ్గా వచ్చింది. చివర ‘వర్మ’ తగిలించారు. మా ఆయన పిండాన్ని మూడు ముక్కలు చేసి మిగతా మూడింట్లో కలిపారు. తండ్రిలో, వదిలేసి పోయిన తాతలో, కొండ మీది పాలేరులో. దిక్కులు చూడటానికి ముందు వరసలో ఎవరూ లేరు.

రెండు వారాల తర్వాత ప్లాంటు నుంచి వస్తూ ఆ చిన్న తాళంచెవితో డబ్బా తీశాను. బిల్లు, కాగితాలు, వాటి కింద ఒక తెల్ల కవరు. నార్వే స్టాంపు. ముసలి చేతి రాతలో మా ఆయన పేరు, పూర్తిగా, మా ఫ్లాటు నంబరుతో సహా. నాకు కాదు, ఆయనకే రాసింది.

విప్పకుండా పైకి తీసుకెళ్ళాను. చెప్పులు కూడా విడవకుండా ఆయన ఫోటో దగ్గరికి నడిచాను.

“ఏమండీ,” అన్నాను, “ఉత్తరం వచ్చింది.”