లింగాలకొండ మీద రాణి టీచరు

రాణి టీచరుగారి ఎడమ మోకాలికి ఆపరేషనై ఏడు నెలలైంది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి బయట చెప్పులేసుకుంటూ నాతో అన్నారు: "సునీతా, అనకాపల్లి దగ్గర బౌద్ధ గుహలున్న బొజ్జన్నకొండ ఎక్కాలి నేను. తోడొస్తావా?"

నేను చోడవరంలో ఓ చిన్న ఆసుపత్రిలో నర్సుని. ఆవిడ హైస్కూల్లో సోషల్ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఆపరేషన్ విశాఖపట్నంలో జరిగినా, ఇంటికొచ్చాక కట్లు మార్చిందీ, వరండాలో పట్టుకుని నడిపించిందీ నేనే. అందుకే వద్దని చెప్పబోయాను. తీరా చూస్తే ఆవిడ నెల్లాళ్లుగా రోజుకి రెండుసార్లు మేడ మెట్లెక్కి దిగుతున్నారట, నాకు చెప్పకుండా. ఫిజియోథెరపీ డాక్టరుకి ఫోన్ చేస్తే, "నెమ్మదిగా వెళ్లండి, నొప్పొస్తే ఆపేయండి" అన్నాడు. ఇక నా దగ్గర సాకు లేకపోయింది.

శనివారం ఉదయం ఆరూ ఇరవైకి చోడవరంలో అనకాపల్లి బస్సెక్కాం. ఆడవాళ్లకి బస్సు ఉచితం కదా, ఆధార్ కార్డులు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్లు కొట్టి ఇచ్చాడు. టీచరుగారు కిటికీ పక్కన కూర్చుని చేతికర్ర ఒళ్లో పెట్టుకున్నారు. వంకాయల గంపతో ఎక్కిన ఒకావిడ మా పక్కనే నిలబడి అడిగింది.

"ఏ ఊరెళ్తన్నారమ్మా?"

"బొజ్జన్నకొండ."

"ఆ కర్రట్టుకునా?"

"కర్రట్టుకునే," అన్నారు టీచరుగారు. వంకాయలావిడ నా వైపు జాలిగా చూసింది, బాధ్యత నాదే అన్నట్టు.

ఏడుంపావుకి అనకాపల్లి చేరాం. నాతో ఇంటర్ చదివిన ఫాతిమా అక్కడ ఎదురు చూస్తోంది. జాకెట్లు కుట్టే షాపుంది తనకి. ఆ రోజుకి షట్టర్ దించేసి, మధ్యాహ్నానికి కోడి పలావు వండి క్యారియర్ పట్టుకొచ్చింది. బస్టాండు ఎదుట ఇడ్లీ తిని, చల్లటి నీళ్ల సీసాలు నాలుగు కొని, కొండ ఉన్న శంకరం ఊరికి ఆటో మాట్లాడుకున్నాం. ఎనిమిదింటికల్లా కొండ కింద దిగిపోయాం. వెళ్లేవాళ్లు ఇలా పొద్దున్నే వెళ్లండి. మిట్టమధ్యాహ్నానికి రాయి కాలుతుంది.

ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. ఆసుపత్రిలో నేను అందరికీ చెప్పే మాట ఇదే. ఇరవై మెట్లకోసారి ఆగాలని టీచరుగారితో ఒప్పందం. ఆవిడ ముందు, ఒక మెట్టు వెనక నేను, పక్కన ఫాతిమా. తొమ్మిదింటికి గుహ ముందున్నాం. గుమ్మానికి అటూ ఇటూ రాతిలో చెక్కిన ద్వారపాలకులు, పైన కూర్చున్న బుద్ధుడు. లోపల అరిగిన స్తంభాల మధ్య, కొండరాయిలోనే మలిచిన స్తూపం ఉంది. టీచరుగారు చీకట్లో ఒక స్తంభం మీద అరచెయ్యి ఆనించి, "సల్లగా ఉంది సునీతా" అన్నారు. ఇంకొంచెం పైకెక్కితే ఇటుకల మహాస్తూపం మిగిలిన గుండ్రటి కట్టడం, దాని చుట్టూ చిన్న స్తూపాలు. అవతల వరి మళ్లు.

అక్కడినుంచి పడమటివైపు లింగాలకొండ కనబడుతుంది. దాన్నీ ఎక్కుతానన్నారు ఆవిడ.

మోకాలు పట్టుకు చూశాను. వెచ్చగా ఉంది, కాస్త వాచింది. "ఇది సాలు టీచరుగారూ," అంది ఫాతిమా. నేనూ అదే అన్నాను. ఆవిడ నీడలో కాలు చాపుకుని, చల్లటి సీసా మోకాలి మీద పెట్టుకుని ఇరవై నిమిషాలు కూర్చున్నారు. "ఇప్పుడు సూడు," అన్నారు. వాపు పెరగలేదు. సగం దాకా అన్న షరతు మీద బయల్దేరాం.

ఈ కొండ దారి వేరు. గులకరాళ్లు, రాతిలో తొలిచిన ఎగుడుదిగుడు మెట్లు. సగం దాటామో లేదో ఆవిడ ఎడమ పాదం జారింది. కర్ర చేతిలోంచి ఎగిరిపోయింది. ఫాతిమా నడుం పట్టేసింది, నేను రెండు చేతులూ వీపుకి ఆనించాను. ముగ్గురం ఒకే రాయికి అతుక్కుపోయాం. ఆవిడ కాలు కదిపి చూపించాకే చేతులు తీశాను.

"దిగిపోదాం," అన్నాను.

"దిగాలన్నా ఈ రాళ్లే కదే. పైకి తక్కువుంది, కిందకి ఎక్కువుంది," అన్నారు టీచరుగారు. "భయమేస్తంది. అయినా ఎక్కుతాను."

ఫాతిమా చెప్పులు విప్పి, క్యారియర్‌తో పాటు అక్కడే రాయి వారన వదిలేసింది. "నా భుజం గట్టిగా అట్టుకోండి. కుట్టు మిషన్ తొక్కే కాళ్లివి, జారవు."

పదీ నలభైకి పైకి చేరాం. రాతి మీద వరసలు వరసలుగా స్తూపాలు, మోకాలెత్తువి కొన్ని, మనిషెత్తువి కొన్ని. అన్నీ కొండలోంచే పుట్టినట్టున్నాయి. అక్కడ నలుగురు డిగ్రీ అమ్మాయిలు ఫొటోలు తీసుకుంటున్నారు. ఒకమ్మాయి స్నేహితురాలితో, "ఇన్ని లింగాలు ఎవరు పెట్టేరే?" అంది.

టీచరుగారు రొప్పుతూనే, "లింగాలు కావమ్మా. స్తూపాలు," అన్నారు. అక్కడినుంచి పాఠం మొదలైంది. ఇది బౌద్ధ భిక్షువుల చోటని, స్తూపాలు చూసి జనం లింగాలనుకోబట్టే కొండకి ఆ పేరొచ్చిందని, రాయిని పైనుంచి కిందకి ఎలా చెక్కుతారో చేత్తో గాల్లో చూపిస్తూ చెప్పారు. పిల్లలు ఫోన్లు దించేసి రాతి మీద కూర్చున్నారు. నేనూ ఫాతిమా కూడా కూర్చున్నాం.

"మీరు శానాసార్లు వచ్చుంటారు కదండీ?" అడిగింది ఒకమ్మాయి.

టీచరుగారు తల అడ్డంగా ఊపారు. "లేదమ్మా. ఇదే మొదలు. ముప్ఫై ఏళ్లు దీని గురించి పాఠం సెప్పేను. ఓసారి క్లాసులో ఓ గుంటడు లేచి, మీరు సూసేరా అనడిగితే, సూసేనని సెప్పేను. సిగ్గేసి అబద్ధమాడేను. ఇయ్యాల సూసేను."

ఆ అమ్మాయి లేచి, "మాతో ఒక ఫొటో దిగండి మేడమ్," అంది. స్తూపాల మధ్య నిటారుగా నిలబడి ఫొటో దిగారావిడ. దిగేటప్పుడు ఆ నలుగురూ ముందు నడిచి రాళ్లు ఏరేశారు, కర్ర వెతికి తెచ్చారు, ఫాతిమా చెప్పులూ క్యారియరూ అందించారు.

పన్నెండున్నరకి కింద చెట్టు నీడలో పలావు తిన్నాం. టీచరుగారు రెండోసారి వడ్డించమన్నారు, ఇన్నేళ్ల పరిచయంలో నేను చూడనిది. ఫాతిమాని అనకాపల్లిలో దింపి, బెల్లం కొని, రెండూ నలభై బస్సెక్కాం.

బస్సులో మోకాలికి తడిగుడ్డ చుట్టాను. వాచింది, రెండు రోజుల్లో తగ్గింది కూడా. వెనక సీటాయన, "ఆస్పత్రి నుంచా అమ్మా?" అని పరామర్శించాడు. టీచరుగారు అటు తిరిగి కూర్చుని, కింద మొదటి మెట్టు దగ్గర నుంచి చెప్పడం మొదలుపెట్టారు. చెరకు తోటలు దాటాయి, చక్కెర ఫ్యాక్టరీ గొట్టం కనబడింది, ఆవిడింకా కొండ దిగలేదు. చోడవరంలో బస్సాగినా, అక్కడే దిగాల్సిన ఆయన కూడా దిగకుండా వింటున్నాడు. ఎన్నో ఆపరేషన్లు చూశాను, ఎందరినో నడిపించాను. మనిషి బాగవడం అంటే ఏమిటో ఆ బస్సులో తెలిసింది నాకు.

"టీచరుగారూ, మన ఊరొచ్చేసింది," అన్నాను.

"ఉండవే, పైకెక్కేక ఏటైందో సెప్పాలి," అన్నారు.