వరుస కలిసినంత మాత్రాన

మా పాపకు షుగర్ అని తేలిన వారంలోనే నా భార్య ఫోన్‌లో ఒక గ్రూపులో చేరింది. ఇన్సులిన్ సూదులు వేసుకునే పిల్లల తల్లిదండ్రుల గ్రూపు అది. తర్వాత నన్నూ చేర్చారు. నన్నెవరూ అడగలేదు. ఒకప్పుడు మా ఇంట్లోకి రావాలంటే మనిషి బయట నిలబడి లోపలికి కబురు పంపేవాడు. ఇప్పుడు మమ్మల్నే ఎవరో గుంపులోకి లాగి, ‘వెల్‌కమ్ అన్నా’ అంటూ పూలగుత్తుల బొమ్మలు పంపుతున్నారు.

భూములు పోయిన మాట నిజమే. బాన్సువాడలో ఒకప్పుడు దొరల గడీ అనిపించుకున్న మా ఇంటి ముందుభాగంలో మొబైల్ రిపేరు దుకాణం నడుస్తోంది, నేను రైస్‌మిల్లులో లెక్కలు రాస్తున్నాను. అంతమాత్రాన ఎవరేది చెప్పినా తలూపే స్థితికి నేనింకా రాలేదు.

గ్రూపులో తలూపడం తప్ప వేరే పని లేదు. ఒకాయన కాకరరసం అంటాడు, ఒకావిడ దాల్చినచెక్క అంటుంది, ఇద్దరికీ అవే దండాలు. పొద్దున్నే దేవుడి బొమ్మ పెట్టేవాడి మాట మధ్యాహ్నానికి మందు అవుతుంది. ఎవరి పిల్లవాడు ఎక్కువసార్లు దవాఖానలో పడితే వాళ్ళకంత పెద్దరికం. ఎందుకు పడ్డాడని మాత్రం ఎవరూ అడగరు. ప్రయాణంలో ఇన్సులిన్‌ను తడిగుడ్డ చుట్టిన డబ్బాలో పెట్టుకోవాలని, సన్న సూదులు ఏ దుకాణంలో దొరుకుతాయో అని, పనికొచ్చే ముక్కలు కొన్ని దొరికిన మాట ఒప్పుకుంటాను. వాటికి దండాలు రాలేదు.

అన్నిటికన్నా విచిత్రం, అక్కడ మాటను తూచే పద్ధతి. కొత్తవాళ్ళు ఏదైనా చెప్పగానే, ‘ఎట్ల తెలిసింది?’ అని కాదు, ‘మీది ఏ ఊరు? ఎవరింటోళ్ళు?’ అని అడుగుతారు. ఊరు కలిస్తే ఇల్లు, ఇల్లు కలిస్తే వరుస. వరుస కలిసిందంటే ఇక ఆ మందును కాదనడం మనిషిని కాదనడమే.

గ్రూపులో రుద్రూర్ నుంచి ఒక పెద్దావిడ ఉండేది. ఆమె మనవడికీ మా పాప జబ్బే. నా భార్య తల్లిగారి ఊరు నస్రుల్లాబాద్ అని తెలియగానే ఆమె ఎవరెవరినో తవ్వి తీసి, ‘నేను నీకు చిన్నమ్మనైత బిడ్డా’ అని తేల్చింది. ఆ వారమే బస్టాండులో ఎవరి చేతికో ఇచ్చి ఒక పొట్లం పంపింది. పెద్ద కొడప్‌గల్ దిక్కు ఎవరో ఇచ్చే పొడి అట. దానితో మనవడికి సూది పూర్తిగా బంద్ అయిందట.

“పొడి తాగించుకుంట సూది సగం చెయ్యమన్నది చిన్నమ్మ,” అంది నా భార్య.

“ఆమె డాక్టరా?”

“డాక్టర్ కాకుంటే ఏంది? మన పిల్లతోని ఆమెకేం దుష్మనీ? మనోళ్ళు అబద్ధం చెప్తరా?”

“మనోళ్ళు చెప్పిన అబద్ధాలతోనే ఈ ఇల్లు ఇట్లయింది.”

మా పాప పక్కనే హోంవర్కు చేసుకుంటోంది. “బాపూ, సూది సగమైతే నొప్పి గూడ సగమేనా?” అని అడిగింది.

నా భార్య మొహం తిప్పుకుంది. రోజూ ఆ పిల్లకు సూది గుచ్చేది తనే. ఆమె మీద నాకు కోపం రాలేదు. కోపమంతా ఆ పొట్లం మీదే.

“మీకు ఎవ్వరి మాట పట్టదు,” అంది. “మీ తాత లెక్క కుర్చీల కూసోని మందిని విచారణ చేస్తరు.”

మంచి మాటే గుర్తు చేసింది. మా తాత పంచాయితీలో సాక్షిని ‘ఏం చూసినవ్’ అని ముందు అడిగేవాడు కాదట. ‘ఎప్పుడు చూసినవ్, ఎక్కడ నిలబడి చూసినవ్’ అనేవాడట. చాలామంది అక్కడే నీళ్ళు నమిలేవారట. నేనూ గ్రూపులో అదే అడిగాను: మీ మనవడికి సూదులు ఎప్పుడు మొదలయ్యాయి? ఎప్పుడు ఆపారు? ఇవాళ పొద్దున మీటరులో ఎంత వచ్చింది?

అంతే, తేనెతుట్టె కదిలింది.

“పెద్దమనిషిని గట్ల నిలదీస్తరా అన్నా?”

“గడీ పోయింది గని ఈయనకు గడీ మాట పోలే.”

“సూదుల కంపెనీ ఏజెంట్ ఉన్నట్టుండు.” దీని కింద నవ్వే బొమ్మలు వరసకట్టాయి.

గ్రూపు నడిపే ఆయన, ‘దయచేసి పాజిటివ్ విషయాలే పెట్టండి’ అన్నాడు. షుగర్ అంకె కూడా ఆయన దృష్టిలో చెడ్డమాటే కాబోలు.

వాళ్ళందరికన్నా ఆ పెద్దావిడే నయం. నిజం దాచలేదు. గొంతు రికార్డు చేసి పంపింది: “మొన్న వరికోతలప్పుడు మొదలైనయి బిడ్డా సూదులు. నాట్లు పడకముందే బంద్ చేసినం. మీటరా? దాన్ని ఎప్పుడో లోపల వెట్టినం. పోరడు మంచిగ ఆడుకుంటుండు.”

నా భార్య ఆ గొంతును మళ్ళీ మళ్ళీ విన్నది. నిజామాబాద్ డాక్టరు మాకు మొదట్లోనే చెప్పాడు. సూదులు మొదలైన కొన్నాళ్ళకు కొందరు పిల్లల ఒంట్లో మిగిలిన కాస్త శక్తి తిరిగి పనిచేస్తుందని, డోసు తగ్గుతుందని, దాన్ని చూసి జబ్బు పోయిందనుకోవద్దని, సూది మాత్రం ఆపవద్దని. మా పాపకు ఆయన తగ్గించాడు కూడా. మళ్ళీ పెంచాడు.

“మన పిల్లకు గూడ మొదలైన కొత్తల్నే తగ్గింది గదా,” అంది.

“ఏ పొడీ తాగకుండానే తగ్గింది.”

ఆమె లేచి ఫ్రిజ్ తెరిచి ఇన్సులిన్ తీసింది. డాక్టరు రాసినంతా వేసింది. పాప పళ్ళు బిగపట్టింది.

“మరి పొడి? చిన్నమ్మ అడిగితే ఏం చెప్పాలె?”

“తాగించలేదని చెప్పు.”

“గట్లెట్ల చెప్త? ఏమనుకుంటది?”

పిల్ల ప్రాణం సంగతి తేలింది, చిన్నమ్మ మొహమాటం సంగతి తేలలేదు. ఆ పొట్లం నేనే తీసుకుపోయి మురికి పారే మోరీలో కుమ్మరించాను. తర్వాత ఆమెకు ఫోన్ చేసి, డాక్టరు చెప్పింది చెప్పి, పిల్లవాడిని ఇవాళే చూపించమన్నాను.

“నీ పిల్లకు వద్దనుకుంటే వద్దు. మా పోరనికి శాపం వెట్టకు,” అని పెట్టేసింది.

నాట్లు పూర్తి కాకముందే ఆ పిల్లవాడికి వాంతులు మొదలయ్యాయి. ఊపిరి ఎగపోస్తుంటే నిజామాబాద్ తీసుకుపోయారు. అత్యవసర వార్డులో పెట్టారు. బతికాడు. గ్రూపులో ఆ పొడిని పొగిడిన పాత మాటలను ఎవరో మాయం చేశారు. మిగిలినవాళ్ళు మాత్రం పథ్యం తప్పి ఉంటారని తేల్చుకున్నారు. పొడి ఎక్కడ దొరుకుతుందని ఇద్దరు ముగ్గురు కొత్తగా అడిగారు కూడా.

పిల్లవాడిని ఇంటికి పంపే రోజు ఆ పెద్దావిడ దవాఖాన నుంచే నాకు ఫోన్ చేసింది.

“డాక్టరు గింత వెయ్యాలె అని చీటీ రాసిచ్చిండు అల్లుడా. నువ్వేమంటవ్? నువ్వు సరే అంటెనే వేస్త.”

“నేనేమీ అనను. ఆయన రాసినట్టు వెయ్యండి.”

“నీ మాట మీదనే నాకిప్పుడు నమ్మకం.”

ఒళ్ళు మండింది. ఇంత జరిగినా ఈమె నేర్చుకున్నది ఆ పొడివాడి కుర్చీలో నన్ను కూర్చోబెట్టడం. “నా మాట మీద వద్దు,” అన్నాను. “మీటరు బయటికి తీయండి. అంకె రాసిపెట్టి డాక్టరుకు చూపించండి. నన్ను అడగకండి.”

“పోరని పానం గురించి అడిగితే గింత గర్వమేంది?”

“గర్వమే అనుకోండి.”

పెట్టేసింది. నా భార్య నన్ను కాల్చేసేలా చూసి, తన ఫోన్ తీసుకుని అవతలి గదిలోకి వెళ్ళింది. చాలాసేపు బుజ్జగించింది, నా తరఫున క్షమాపణలు కూడా చెప్పినట్టుంది. బయటికి వచ్చాక అడిగాను.

“వేసిందా?”

“వేసింది. మిమ్మల్ని తిట్టుకుంటనే వేసింది. ఇగ మనింటి గడప తొక్కదట.”

“డోసు ఎంత వేసింది?”

“చీటీల ఉన్నంత.”

“అయితే తొక్కనక్కర్లేదు,” అన్నాను.